ఓక్ చెట్టు పైనుంచి ఎండిపోతోందా? ముందు చెట్టు మొదలు దగ్గర మట్టి తీసి చూడండి

సెంట్రల్ టెక్సస్‌లో మీ ఇంట్లోని పాత రెడ్ ఓక్ రెండేళ్లుగా పైనుంచి పలచబడుతోంది, పురుగు లేదు, ఆకు మీద మచ్చ లేదు, కారణం ఏమై ఉంటుందని అడిగారు. మాది ఆస్టిన్ పక్కనే, మా పెరట్లో పెద్ద లైవ్ ఓక్‌కి (ఓక్‌లోనే ఇంకో రకం) అచ్చం ఇలాగే అయింది. ఇక్కడ ఓక్ ఆకు రాలితే చాలు ఓక్ విల్ట్ (ఓక్ చెట్లని చంపే ఫంగస్ రోగం) అనేస్తారు కదా, ఆ టెన్షన్‌లో నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

మీది అది కాకపోవచ్చు. ఓక్ విల్ట్ పట్టిన రెడ్ ఓక్ మామూలుగా రెండేళ్లు ఆగదండి, కొన్ని వారాల్లోనే మొత్తం పోతుంది. లైవ్ ఓక్‌కి నెలలు పడుతుంది, చాలాసార్లు ఆకు ఈనెలు ముందు పసుపు తిరిగి తర్వాత గోధుమ రంగుకొస్తాయి, పక్కపక్క చెట్ల వేర్లు లోపల అతుక్కుని ఉంటాయి కాబట్టి ఒకదాని వెనక ఒకటి పోతాయి. మా వీధిలో మిగతావన్నీ పచ్చగా ఉన్నాయి, అది చూసైనా నాకు వెలగలేదు! అనుమానం తీరకపోతే ల్యాబ్‌కి పంపండి, కానీ నాలా పూర్తిగా ఎండిన కొమ్మ పంపకండి, అందులో ఆ ఫంగస్ దొరకదు. ఇంకా కాస్త ప్రాణం ఉన్న కొమ్మ ముక్కని ఐస్ మీద పెట్టి త్వరగా చేర్చాలి.

చివరికి పిలిచిన ఆర్బరిస్టు (చెట్ల డాక్టరు) కొమ్మల వంక చూడనే లేదు. మాను కరెంటు స్తంభంలా తిన్నగా నేలలోకి దిగిపోయింది, ఇక్కడ నాలుగైదేళ్ల కిందట ఏం పని చేయించారు అని అడిగాడు. నిజానికి మొదలు నేల దగ్గర వెడల్పై వేర్లుగా విచ్చుకుని కనిపించాలి. పెరట్లో కూర్చోడానికి గచ్చు (పాటియో) వేసినప్పుడు తవ్విన మట్టంతా కాంట్రాక్టరు చెట్టు చుట్టూ పరిచేశాడు, మేమేమో భలే ఉందని దాని మీద బంతి మొక్కలు పెట్టి రోజూ నీళ్లు పోశాం. గాలితో మట్టి ఊదే మిషన్ పెట్టి తీస్తే ఎనిమిది అంగుళాల మట్టి, దాని కింద మానుని బిగించి చుట్టుకున్న వేరొకటి! నీళ్లు పీల్చే సన్న వేర్లు ఎక్కువగా పైన అడుగు, అడుగున్నర లోపే ఉంటాయి, కొమ్మల నీడ దాటి చాలా దూరం పోతాయి. వాటికి ఊపిరాడకపోయినా పెద్ద చెట్టు దాచుకున్న తిండితో కొన్నేళ్లు నెట్టుకొస్తుంది, మనం చేసిన పని మనమే మర్చిపోయాక కొమ్మలు ఎండటం మొదలవుతుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో పడ్డ మంచు దెబ్బకి కూడా చెట్టు నీరసించి ఉండొచ్చు, అదీ లెక్కలో వేసుకోండి.

బెరడు పెచ్చులుగా ఊడి కింద గోధుమ రంగు పొడిలాంటిది కనిపిస్తే అది హైపోజైలాన్ అనే ఇంకో ఫంగస్, అప్పటికే నీరసించిన చెట్టుకే వస్తుంది. అది మానుకే పట్టి ఉంటే మందుల మీద డబ్బు తగలేయకండి. ఎరువు కూడా ఇప్పుడు వద్దు. ఓక్ విల్ట్ సోకకుండా ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కొమ్మ కొట్టనివ్వకండి, ఎప్పుడు కొట్టినా గాటుకి వెంటనే పెయింట్ వేయించండి.

మట్టి తీశాక మాది మూడో వసంతానికి నిండుగా ఆకు వేసింది, పాటియో వైపు పెద్ద కొమ్మ మాత్రం దక్కలేదు. మీ చెట్టు మొదలు ఫోటో ఒకటి పెట్టండి, దాని చుట్టుపక్కల ఏ పని ఎప్పుడు చేయించారో కూడా రాయండి.