ఉప్పునీటి ట్యాంకుకు పైపులు బిగించే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సముద్రపు చేపలు పెంచడానికి ఉప్పునీటి ట్యాంకు పెట్టబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. నువ్వు పంపిన కొలతలు చూశాను. పైన నాలుగడుగుల ట్యాంకు, కింద కేబినెట్‌లో మూడడుగుల సంప్, అంటే పై ట్యాంకులోంచి పొర్లిన నీళ్లు దిగే తొట్టి, అందులోంచే పంపు మళ్లీ పైకి తోస్తుంది. ఏ చేపలు కొనాలి, ఏ లైటు పెట్టాలి అని అడిగావు. అవి ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అద్దానికి వేసిన రంధ్రాన్ని, సొల్యూషన్‌తో అతికేసిన పైపునీ మార్చలేం. అందుకే ఈ ఉత్తరంలో నీళ్లు కిందికి దిగే దారి, తిరిగి పైకి ఎక్కే దారి గురించే రాస్తున్నాను.

నువ్వుండేది మూడో అంతస్తు. కరెంటు పోవడం, వెంటనే వచ్చి మళ్లీ పోవడం, ఓ నత్త పాకుతూ వెళ్లి పైపు మూతిలో ఇరుక్కోవడం, ఇవన్నీ నువ్వు నిద్రలో ఉండగానే జరుగుతాయనుకుని పని మొదలుపెట్టు. మా విశాఖలో 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అంత పెద్ద తుపాను అక్కర్లేదు, ఎండాకాలం సాయంత్రం గాలివాన వస్తే గంటలో నాలుగుసార్లు పోయి రావచ్చు. అన్నిసార్లూ నీ ట్యాంకు ఎవరి సాయం లేకుండా ఆగాలి, మళ్లీ తనంతట తానే మొదలవ్వాలి.

ముందు కాగితం మీద లెక్క వేసుకో. పై ట్యాంకు 120 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు కదా. నీటిమట్టం ఒక్క సెంటీమీటరు మారితే 5.4 లీటర్లు. పంపు ఆగగానే ఓవర్‌ఫ్లో పెట్టె (పై ట్యాంకు నీళ్లు పొర్లి పడే చిన్న పెట్టె) అంచు మీదున్న నీళ్లు కిందికి దిగుతాయి, అవి కొన్నే. అసలు ప్రమాదం పంపు పైపుతోనే. అంతసేపూ నీళ్లను పైకి తోసిన పైపు సైఫన్‌గా మారి వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. దాని మూతి నీళ్లలోంచి బయటపడే దాకా ఆగదు. మూతి 10 సెం.మీ. లోతున ఉంటే 54 లీటర్లు సంప్‌లోకి వచ్చిపడతాయి. 2 సెం.మీ. లోతునే ఉంటే 11 లీటర్లు దాటవు. దీనికి చెక్ వాల్వు (నీళ్లను ఒకవైపే పోనిచ్చే వాల్వు) పెడితే సరిపోతుందని షాపువాళ్లు చెప్తారు. ఉప్పునీటిలో దాన్ని నమ్మొద్దు. రెక్క కింద సున్నపు పొర పేరుకున్నా, ఇసుక రేణువు చేరినా పూర్తిగా మూసుకోదు, రాత్రంతా సన్నగా కారుతూనే ఉంటుంది. మూతిని పైకి పెట్టు. నీటిమట్టానికి కాస్త కింద ఆ పైపుకే చిన్న రంధ్రం కూడా వేయి. మట్టం దిగగానే అక్కణ్నుంచి గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. నాచు పట్టి ఆ రంధ్రం పూడుకుపోతుంటుంది కాబట్టి అప్పుడప్పుడూ పుల్లతో పొడిచి చూడు.

సంప్ 90 బై 40 అన్నావు, అంటే సెంటీమీటరుకి 3.6 లీటర్లు. ఓవర్‌ఫ్లో పెట్టెలోవీ, పైపుల్లోవీ కలుపుకుని 30 లీటర్లకు చోటు ఉంచుకో. పంపు నడుస్తున్నప్పుడు సంప్‌లో పైన కనీసం 9 సెం.మీ. ఖాళీగా ఉండాలి. ఆ మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసి, ఎవరు నీళ్లు పోసినా దాన్ని దాటొద్దని ఇంట్లో అందరికీ చెప్పు.

దీనికి ఎదురు లెక్క కూడా ఉంది. ఇది చాలామంది వెయ్యరు. కిందికి దిగే పైపులు మూసుకుపోయి పంపు మాత్రం నడుస్తుంటే ఏమవుతుంది? సంప్‌లో పంపు కోసం అడ్డుకట్టిన గదిలో ఎన్ని నీళ్లుంటే అన్నీ పైకి వచ్చేస్తాయి. ఆ గది 25 బై 40 చేయించి, నీళ్లు 15 సెం.మీ. లోతుంచితే 15 లీటర్లు. పైన మట్టం మూడు సెంటీమీటర్ల లోపే పెరుగుతుంది. అద్దం అంచుకి 5 సెం.మీ. వదిలావంటే ఒక్క చుక్క బయటికి రాదు. అందుకే పంపు గది చిన్నదిగా ఉండడమే మంచిది. ఆవిరైన నీళ్లకు బదులు మంచినీళ్లు నింపే ఆటోమేటిక్ టాప్-అప్ పెడితే మాత్రం దాని డబ్బా 10 లీటర్లు మించకూడదు. పంపు గది ఖాళీ అవుతోందని అది నింపుతూ పోతుంది, పంపు పైకి తోస్తూ పోతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు లైనుకో, ఆర్‌ఓ లైనుకో దాన్ని నేరుగా ఎప్పుడూ కలపకు.

ఇక కిందికి దిగే దారి. ట్యాంకు అంచుకి తగిలించే సైఫన్ పెట్టెలు చవకే, రంధ్రం పని ఉండదు. కానీ గాలి బుడగలు పేరుకుని సైఫన్ తెగిందంటే అంతటితో దిగడం ఆగిపోతుంది. అపార్టుమెంట్లో అది వద్దు, ట్యాంకుకు రంధ్రాలే వేయించు. ట్యాంకు కట్టేవాళ్లు అద్దాలు అతికించక ముందే ఆ పని చేయించు. టెంపర్డ్ గ్లాస్‌కి రంధ్రం వేస్తే ముక్కలైపోతుంది, మామూలు అద్దమేనని ముందే రూఢి చేసుకో. ట్యాంక్ నిపిల్స్ (రంధ్రంలో పైపును బిగించే ముక్కలు) కొన్న తర్వాతే హోల్ సా (రంధ్రం కోసే బిట్టు) సైజు చూసుకో, ఒక అంగుళం నిపిల్‌కి రంధ్రం అంగుళం కంటే చాలా పెద్దది కావాలి. రబ్బరు వాషరు నీళ్లున్న వైపు రావాలి. నట్టు చేత్తో బిగించి, ఆ పైన పావు తిప్పు చాలు.

మూడు రంధ్రాలు, మూడు పైపులు పెట్టు. ఖర్చు ఎక్కువని ఆలోచించకు. మొదటి పైపు నిండా నీళ్లతో సైఫన్‌గా దిగాలి, దానికి గేట్ వాల్వు ఉండాలి. బాల్ వాల్వుతో సన్నగా సర్దడం కష్టం. రెండోది కాస్త ఎత్తులో, దానిలోంచి సన్నని ధార మాత్రమే దిగాలి. దాని నెత్తిన చిన్న గాలి గొట్టం పెట్టి, కొసను మామూలు మట్టానికి కాస్త పైన వదులు. మొదటిది మూసుకుపోయి మట్టం పెరిగితే ఆ కొస మునిగి, గాలి ఆగి, రెండో పైపు తానే సైఫన్ అయిపోతుంది. మూడోది అన్నిటికంటే ఎత్తులో ఎప్పుడూ పొడిగా ఉండాలి. దానికి వాల్వు అనేదే వద్దు. అందులోంచి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించిందంటే ఏదో మూసుకుందని నీకు తెలిసిపోతుంది. ఇలా కడితే గలగల చప్పుడు కూడా ఉండదు, అదే హాల్లో పడుకునే మీ నాన్నకి అది చాలా ముఖ్యం. సైఫన్ పైపు కొస సంప్ నీళ్లలో రెండు మూడు సెంటీమీటర్లే మునగాలి. మరీ లోతుగా ఉంటే మొదలయ్యేటప్పుడు గాలి బయటికి పోదు. మలుపుల దగ్గర 90 డిగ్రీల ఎల్బోకి బదులు 45వి రెండు వాడు. నత్తలు లోపలికి పోకుండా ఓవర్‌ఫ్లో పెట్టె అంచుకి దువ్వెన పళ్లలాంటి జాలీ తప్పనిసరి.

సామాను విషయంలో ఒక్కటి గట్టిగా చెప్తున్నాను. హార్డ్‌వేర్ షాపులో గేట్ వాల్వు అడిగితే ఇత్తడిది చేతిలో పెడతారు. ఇత్తడిలో రాగి ఉంటుంది. నీళ్లలోకి కొంచెం దిగినా రొయ్యలు, నత్తలు, పగడాలు చచ్చిపోతాయి. వాల్వు పీవీసీదే దొరికేదాకా వెతుకు, ఆలస్యమైనా ఫర్వాలేదు. పంపు దగ్గర, వాల్వు దగ్గర యూనియన్లు (విప్పి మళ్లీ బిగించుకునే జాయింట్లు) పెట్టు, శుభ్రం చేయడానికి విప్పాలి కదా. పైపుకి మరలు ఉన్న చోట టెఫ్లాన్ టేపు, లేని చోట సొల్యూషన్. కరెంటు పాయింటుకి 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా ఈ నీళ్లలో చెయ్యి పెట్టొద్దు.

అతికించాక ఒక రోజంతా ఆరనిచ్చి, ఉప్పు కలపకుండా మామూలు నీళ్లతో నింపు. స్విచ్ ఆపు, వెయ్యి, మళ్లీ ఆపు. సంప్ గీత పైన ఎంత పెరిగిందో కొలువు. తర్వాత మొదటి పైపు మూతి చేత్తో మూసి రెండోది అందుకుంటోందో లేదో చూడు, ఆపైన రెండూ మూసి చూడు. ఓ వారం అలాగే నడవనీ. ఉప్పు ఖరీదైంది, దానికి తొందరేం లేదు.

సొల్యూషన్ రాసే ముందు పైపులన్నీ ఉత్తినే బిగించి, కేబినెట్ తలుపు తీసి ముందు నుంచి, పక్క నుంచి ఫొటోలు తీసి పంపు. పక్కన టేపు పెట్టి తియ్యి, కొలతలు కనపడాలి. నేను చూసి ఫోన్ చేస్తాను, అప్పటిదాకా అతికించకు.

మీ మామయ్య