కుర్చీలు మడిచేదాకా ఉండు

చెల్లీ, వందనాలు.

మే నెలలో అమెరికాలో ఎమ్మెస్ పట్టా అందుకున్నావు, ఉద్యోగమూ వచ్చింది, కానీ అది రెండు రాష్ట్రాల అవతల, ఒక్కరూ తెలియని ఊళ్లో అని రాశావు. "అక్కా, ఇది దేవుని చిత్తమో కాదో తెలియడం లేదు, అక్కడ ఒంటరిగా నా విశ్వాసం నిలబడుతుందా?" అని అడిగావు. ముందు నా అభినందనలు అందుకో. బ్యాంకు అప్పుతో వచ్చి, రెండేళ్లు నిద్ర చాలకుండా చదివి, ఉద్యోగం సంపాదించడం చిన్న విషయం కాదు. ఇంటి దగ్గర మీ అమ్మానాన్నలు మోకాళ్ల మీద గడిపిన రాత్రులకు దేవుడిచ్చిన జవాబు ఇది. ఆయనకు స్తోత్రం చెప్పి, ఇక నేను చెప్పేది శ్రద్ధగా విను.

ఓపీటీ, అంటే చదువు ముగిశాక ఇక్కడ ఉద్యోగం చేయడానికి విదేశీ విద్యార్థులకిచ్చే అనుమతి, 12 నెలలు. మీలాంటి ఇంజినీరింగు వాళ్లకు మరో 24 నెలల పొడిగింపు ఉంటుంది. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేని రోజులు 90 దాటకూడదు. ఇల్లు మారితే పది రోజుల్లో తెలియజేయాలి. మిగతా వివరాలు మీ యూనివర్సిటీలోని విదేశీ విద్యార్థుల కార్యాలయం చెబుతుంది. పన్నులు, కారు, అప్పు వాయిదాలు, ఇవన్నీ నీకు చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. నీ ఆదివారాలు ఏమవుతాయో మాత్రం ఎవరూ అడగరు. నన్నూ ఎవరూ అడగలేదు.

నేను 2003లో ఒంగోలు నుంచి టెక్సాస్ వచ్చాను. చదువుకునేటప్పుడు ఒకే ఇంట్లో ఐదుగురం తెలుగు అమ్మాయిలం. వంటకు వంతులు, చలికోట్లు ఒకరివి ఒకరం వేసుకోవడం, పరీక్షల ముందు రాత్రి అందరం కలిసి ప్రార్థన. ఆదివారం ఉదయం ఒక మలయాళీ కుటుంబం వ్యానుతో వచ్చి గుమ్మం ముందు హారన్ కొట్టేది. నిద్ర లేవనివాళ్లను కూడా లేపి మందిరానికి తీసుకెళ్లేవారు. ఆ రెండేళ్లలో నేను ఒక్క ఆరాధన కూడా మానలేదు. నా విశ్వాసం చాలా బలమైనదని అనుకున్నాను. నన్ను మోస్తున్న మనుషులు ఎందరో అప్పుడు లెక్క వేసుకోలేదు.

2006 జనవరిలో ఉద్యోగం కోసం అయోవాలో ఒక చిన్న ఊరికి వెళ్లాను. సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడేది. ఇప్పటిలా వీడియో కాల్స్ లేవు. ఫోను కార్డు గీకి, అంకెలు నొక్కి, నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడేవాళ్లం. ఆ కష్టాలు మీకు చెప్పినా అర్థం కావు, అర్థం కాకపోవడమే మంచిది. మొదటి ఆదివారం మంచులో నడిచి దగ్గరలోని చర్చికి వెళ్లాను. ఒక హాలులో కుర్చీలు వేసుకుని జరుపుకునే చిన్న సంఘం అది. చివరి వరసలో కూర్చున్నాను. వాళ్లు పాడిన పాటలు ఒక్కటీ నాకు రావు. ఆశీర్వచనం అయిపోగానే కోటు తగిలించుకుని బయటపడ్డాను. ఒక్కరైనా పలకరించలేదని దారి పొడవునా ఏడ్చాను. రెండో వారమూ అంతే, మూడో వారమూ అంతే. నాలుగో వారం మంచు ఎక్కువగా ఉందని మానేశాను. తర్వాత మంచు కరిగినా వెళ్లలేదు.

నేను ఇప్పటికీ బాధపడే సంగతి చెబుతాను. మనకు ఆదివారం ఉదయమయ్యే వేళకు అక్కడ శనివారం రాత్రి. అమ్మ గుడికి బయలుదేరే ముందు మాట్లాడేది. "పోయిన వారం మీ పాస్టర్ గారు ఏ వాక్యం చెప్పారమ్మా?" అని అడిగేది. నేను బైబిలు తెరిచి, కనబడిన అధ్యాయం ఏదో ఒకటి చెప్పేదాన్ని. అమ్మ అది నమ్మి, అదే అధ్యాయం ఆ రోజు గుడిలో కూర్చుని చదువుకునేదట. ఎనిమిది నెలలు అలా అబద్ధం చెప్పాను.

సెప్టెంబరులో జ్వరం వచ్చింది. మూడు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు మధ్యాహ్నం, నేను చచ్చిపోయినా ఈ ఊళ్లో తలుపు తట్టే మనిషి లేడని తెలిసింది. ఆ పూట మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం చదివాను. ఏలీయా బదరీ చెట్టు కింద పడుకుని చావు కోరుకున్న సంగతి మనం సండే స్కూల్లోనే విన్నాం. అయితే ఆ చెట్టు దగ్గరికి రాకముందు జరిగిన దాన్ని నేను ఎన్నడూ పట్టించుకోలేదు. తన సేవకుణ్ణి బెయేర్షెబాలో వదిలేసి, తానొక్కడే ఒక రోజు ప్రయాణమంత దూరం అరణ్యంలోకి వెళ్లాడు. తోడున్న మనిషిని తానే వదిలేశాడు. అటు తర్వాత "నేను ఒక్కడినే మిగిలాను" అని దేవునితో మొరపెట్టుకున్నాడు. దేవుడు అతన్ని కోప్పడలేదు. మొదట నిద్రపోనిచ్చాడు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఆ తర్వాత, ఇశ్రాయేలులో ఇంకా ఏడు వేలమంది ఉన్నారని చెప్పి, ఎలీషా దగ్గరికి పంపాడు. ఒంటరివాడికి దేవుడిచ్చిన మందులో తిండి ఉంది, నిద్ర ఉంది, ఒక మనిషి ఉన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం మళ్లీ అదే హాలుకు వెళ్లాను. ఈసారి ఆరాధన అయ్యాక కదలకుండా నిలబడ్డాను. ఒక పెద్దావిడ ఇనుప మడత కుర్చీలు ఒక్కొక్కటే మడిచి చక్రాల బండికి తగిలిస్తున్నారు. నేను వెళ్లి ఒకటి అందుకున్నాను. అది మడతపడలేదు. ఆవిడ వచ్చి, వెనక కడ్డీ మీద కాలు ఎలా ఆనించాలో, కూర్చునే పలకను ముందు నుంచి ఎలా పైకి లేపాలో చూపించి, "వేలు జాగ్రత్త" అన్నారు. ఆ ఊళ్లో ఉద్యోగం గురించి కాకుండా నాతో ఒక మనిషి అన్న మొదటి మాట అదే. మరుసటి వారం ఆవిడ పేరు తెలిసింది. నెల తిరిగేసరికి, కుర్చీలు వేయడానికి పొద్దున్నే రమ్మని పని అప్పగించారు. ఒక ఆదివారం నేను కనబడకపోతే సాయంత్రం ఫోను చేసి ఆరోగ్యం అడిగారు. ఆ రాత్రి అమ్మకు ఫోను చేసి ఎనిమిది నెలల అబద్ధం ఒప్పుకున్నాను. అమ్మ కాసేపు ఏడ్చి, "ఆ పెద్దావిడ పేరేమిటి? ప్రార్థనలో పెట్టుకుంటాను" అంది.

మీ తరానికి ఇంకో చిక్కుంది. మన ఊరి గుడి ఆరాధన ఫోనులోనే వస్తుంది కాబట్టి, శనివారం రాత్రి దుప్పటి కప్పుకుని చూసేస్తారు. మన కీర్తనలు, మన అయ్యగారి గొంతు వింటే ప్రాణం లేచి వస్తుంది, కాదనను, చూడు. కానీ నువ్వు రాలేదని ఆ తెర కనిపెట్టలేదు. జ్వరం వస్తే గంజి కాచి తీసుకురాలేదు. తెలుగు సంఘం రెండు గంటల దూరంలో ఉంటే నెలకోసారి వెళ్లు, మిగతా వారాలు ఇంటికి దగ్గరగా ఉన్న మందిరంలో కుదురుకో. అది ఏ క్రైస్తవ శాఖది, బాప్టిస్టా, లూథరనా, సీఎస్ఐయా అని మొదటి నెలే తర్కించుకోకు. అద్దె ఇల్లు చూసేటప్పుడే, నడిచి వెళ్లేంత దూరంలో మందిరం ఉందో లేదో చూసుకో. నెలకు యాభై డాలర్లు ఎక్కువైనా పరవాలేదు.

మా ఒంగోలు వాళ్లు చిన్నప్పటి నుంచి వినే చరిత్ర ఒకటి ఉంది. నెల్లూరు మిషనులో ఫలితం కనబడడం లేదని, మూసేద్దామా అని 1853లో అమెరికా బాప్టిస్టులు చర్చించారు. పటంలో ఒక్క చుక్కలా మిగిలిన ఆ మిషనుకు ఒంటరి నక్షత్రం అనే పేరు పడింది. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఆ మిషనులో పనిచేసే లైమన్ జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. వాళ్లు అడిగిన మనిషి, జాన్ క్లౌ దొరగారు, ఒంగోలు చేరింది 1866లో. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మావాళ్లు ఆ పెద్ద అంకెనే గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం కొండ మీది ఐదుగురు గుర్తుంటారు. మూసేయబోయిన మిషనుకు కాపలాగా మిగిలిన దొరగారు కూడా ఆ చీకట్లో ఒక్కరే కొండ ఎక్కలేదు. ఇప్పుడు నేను స్థిరపడిన టెక్సాస్ జెండా మీద కూడా ఒక్కటే నక్షత్రం. దాన్ని చూసినప్పుడల్లా ఆ కొండే గుర్తొస్తుంది.

ఇక దేవుని చిత్తం సంగతి. పట్టా పుచ్చుకున్న రోజు నీకూ ఎవరో ఒకరు మీకు మేలు చేసే ఉద్దేశాలే నాకున్నాయని దేవుడు చెప్పే యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం ఉన్న కార్డు ఇచ్చే ఉంటారు. అది చెరపట్టి బబులోనుకు తీసుకుపోయినవాళ్లకు రాసిన ఉత్తరంలోది. వెంటనే తిరిగి వస్తారని అందులో లేదు, డెబ్బై ఏళ్లని ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. కాబట్టి ఆ ఊరు సరైనదా కాదా అని రాత్రులు వేధించుకోకు. వెళ్లు. అక్కడి మనుషుల కోసం పేరుపేరునా ప్రార్థన చెయ్యి, అందుకోసం ముందు వాళ్ల పేర్లు తెలుసుకో.

వెళ్లిన మొదటి ఆదివారం గడిచాక నాకు ఉత్తరం రాయి. ఏ మందిరానికి వెళ్లావో, ఎవరి పక్కన కూర్చున్నావో రాయి. వాళ్ల పేరు తప్పకుండా రాయి. అమ్మకు కూడా చెబుతాను, ప్రార్థనలో పెట్టుకుంటుంది.