పరీక్షలొస్తే నోటిపూత, దిగులు

ప్రశ్న: నాకు ఇరవై ఏళ్లు. రెండు నెలలుగా మంచం దిగబుద్ధి కావడం లేదు. పుస్తకం తెరిస్తే అదే పేజీ. పరీక్షలు దగ్గరపడితే నోటిపూత, జలుబు తప్పవు. ఈమధ్య రక్తపరీక్షలో సీఆర్‌పీ (ఒంట్లో వాపు ప్రక్రియను చూపే కొలత) 6 వచ్చింది. ఒంట్లో వాపు ప్రక్రియ వల్లే డిప్రెషన్ వస్తుందని స్నేహితుడు అన్నాడు. వాపు తగ్గే మాత్రలు వేసుకోవచ్చా?

జవాబు: మొన్న ఒకబ్బాయి నోట్‌బుక్ తెచ్చి చూపించాడు. వారం కిందటి తేదీ, దాని కింద ఒకే ఒక లైను, అదీ సగంలో ఆగింది. ఇంట్లో బద్ధకం అన్నారట. అతనిదీ బద్ధకం కాదు, మీదీ కాదు.

జ్వరం వస్తే తిండి సహించదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, ముసుగుతన్ని పడుకోవాలనిపిస్తుంది. రోగనిరోధక కణాలు వదిలే సైటోకైన్లు అనే వాపు రసాయనాలు మెదడు మీద చూపే ప్రభావమది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో కొందరికి జ్వరం లేకపోయినా వీటి మోతాదు కాస్త ఎక్కువగానే ఉంటుంది. హెపటైటిస్-సికి ఇంటర్‌ఫెరాన్ (ఇదీ ఒక సైటోకైనే) సూదులు ఇచ్చే రోజుల్లో, అంతకుముందు హుషారుగా ఉన్నవాళ్లు కూడా కొన్ని వారాలకే దిగులులో కూరుకుపోవడం వైద్యులు చూశారు.

మీ నోటిపూత మాట చదవగానే 1998లో అమెరికాలో వచ్చిన అధ్యయనం గుర్తొచ్చింది. 11 మంది దంతవైద్య విద్యార్థుల అంగిట్లో 3.5 మిల్లీమీటర్ల గాయం రెండుసార్లు చేశారు, సెలవుల్లో ఒకసారి, పరీక్షల ముందు మరోసారి. పరీక్షలప్పుడు గాయం మానడానికి 40 శాతం ఎక్కువ సమయం పట్టింది. మనసు మీది ఒత్తిడి ఒంటి మీద అంతలా పనిచేస్తుంది.

ఇక మాత్రలు. 2013లో మామూలు మందులకు లొంగని డిప్రెషన్‌కు, వాపును అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇచ్చి చూశారు. మొత్తం మీద ఉత్తుత్తి మందు కంటే మెరుగనిపించలేదు. సీఆర్‌పీ 5 దాటినవాళ్లలో మాత్రం కొంత గుణం కనిపించింది. మీది 6 కదా అని ఆశపడకండి. జలుబుకే సీఆర్‌పీ అంత పెరగొచ్చు. జలుబు పూర్తిగా తగ్గాక మళ్లీ ఆ పరీక్ష చేయించండి, థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. వాపు తగ్గించే నొప్పి మాత్రలు సొంతంగా రోజూ మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు. కొన్ని డిప్రెషన్ మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు ఇంకా పెరుగుతుంది.

రెండు నెలలంటే తక్కువేం కాదు. ఈ వారమే మానసిక వైద్యుల్ని కలవండి, ఎన్ని గంటలు నిద్రపోతున్నారో రాసుకుని వెళ్లండి. నిద్ర తగ్గితే ఈ వాపు రసాయనాలు పెరుగుతాయి, అందుకే నేను మొదట అదే అడుగుతాను. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా వారం ఆగకండి. ఈ రాత్రే ఇంట్లోవాళ్లనో స్నేహితుడినో పక్కన ఉండమని అడిగి, వాళ్లను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.