బిల్లు ఒకటే, స్టాకు రెండుసార్లు తగ్గుతోంది

ప్రశ్న: మా షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒకరు రాసింది, గోడౌన్ స్టాకు సాఫ్ట్‌వేర్ మరొకరిది. మధ్యలో రాబిట్‌ఎంక్యూ (మెసేజ్‌లను క్యూలో ఉంచి అందించే మిడిల్‌వేర్, అంటే రెండు ప్రోగ్రామ్‌ల మధ్యవర్తి) పెట్టి బిల్లుల్ని మెసేజ్‌లుగా పంపుతున్నాం. నెట్ పోయి వస్తే కొన్ని బిల్లులకు స్టాకు రెండుసార్లు తగ్గుతోంది. సర్వర్ రీస్టార్ట్ చేస్తే కొన్ని అసలు చేరడం లేదు. మిడిల్‌వేర్ ఉంటే ఈ తలనొప్పి ఉండదన్నారే!
- ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: అలా చెప్పినవాళ్లు సగమే చెప్పారు. మీవి రెండు వేర్వేరు జబ్బులు.

మాయమవుతున్న బిల్లుల సంగతి తేలిక. క్యూ డ్యూరబుల్‌గా (రీస్టార్ట్ తర్వాతా నిలిచేలా) ఉండాలి, ప్రతి మెసేజ్‌కీ డెలివరీ మోడ్ 2 (డిస్క్‌లో దాచమని చెప్పే గుర్తు) ఉండాలి. ఒక్కటే పెడితే రీస్టార్ట్‌లో సరుకు పోతుంది. ఉన్న క్యూని డ్యూరబుల్‌గా మార్చలేరు. ప్రయత్నిస్తే 406 ఎర్రర్ వస్తుంది. అందులోవన్నీ ఖాళీ అయ్యాక చెరిపి, మళ్లీ సృష్టించండి. బిల్లింగ్ వైపు పబ్లిషర్ కన్ఫర్మ్ (మెసేజ్ అందిందని రాబిట్‌ఎంక్యూ తిరిగి ఇచ్చే రసీదు) కూడా ఆన్ చేయండి. నెట్ లేనప్పుడు తయారైన బిల్లుల కోసం డేటాబేస్‌లో ‘పంపాల్సినవి’ అని ఒక టేబుల్ పెట్టండి. బిల్లు, ఆ టేబుల్‌లో దాని వరుస ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే రెండూ, లేదంటే ఏదీ కాదు) సేవ్ కావాలి. కన్ఫర్మ్ వచ్చాకే వరుస తీసేయాలి.

ఇక రెండుసార్లు తగ్గడం. గోడౌన్ ప్రోగ్రామ్ స్టాకు తగ్గించింది, యాక్ (పని అయిందన్న రసీదు) పంపేలోగా కనెక్షన్ తెగింది. పని అయిందో లేదో రాబిట్‌ఎంక్యూకి తెలిసే దారి లేదు, అదే మెసేజ్ మళ్లీ ఇస్తుంది. ఇది దాని లోపం కాదు, దాని పద్ధతే అది. కొందరు ఆటో యాక్ (మెసేజ్ ఇవ్వగానే పని అయినట్టు లెక్కేసే పద్ధతి) పెట్టి దీన్ని వదిలించుకుంటారు. అప్పుడు ప్రోగ్రామ్ మధ్యలో ఆగితే చేతిలో ఉన్న బిల్లులు పోతాయి. రెండుసార్లు పడ్డ లెక్క కన్నా పోయిన లెక్క పట్టుకోవడం కష్టం, ఆ జోలికి వెళ్లకండి.

మందు స్టాకు డేటాబేస్‌లోనే ఉంది. ‘ప్రాసెస్ అయినవి’ టేబుల్‌లో బిల్లు నంబర్‌కి యూనిక్ కీ (ఒకే నంబర్‌ని రెండోసారి చేరనివ్వని నియమం) పెట్టండి. నంబర్ చేర్చడం, స్టాకు తగ్గించడం ఒకే ట్రాన్సాక్షన్. కమిట్ (ట్రాన్సాక్షన్ ఖరారు) అయ్యాకే యాక్. నంబర్ ముందే ఉంటే ఏమీ చేయకుండా యాక్ ఇచ్చేయండి. ‘రీడెలివర్డ్’ (మళ్లీ ఇచ్చిన మెసేజ్ అనే) గుర్తును నమ్ముకోవద్దు: కన్ఫర్మ్ దారిలో పోయి బిల్లింగే రెండోసారి పంపితే అది కొత్త మెసేజ్‌గానే వస్తుంది, ఆ గుర్తు ఉండదు.

మరొకటి, మీరు అడగలేదు గానీ: తప్పు ఐటెం కోడ్ ఉన్న బిల్లుని తిరస్కరించి మళ్లీ క్యూలోకే తోస్తే, క్లాసిక్ (మామూలు రకం) క్యూలో అది ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. డెడ్ లెటర్ ఎక్స్ఛేంజ్ (తిరస్కరించినవాటిని పక్కకు పంపే దారి) పెట్టి, మళ్లీ క్యూలో చేర్చకుండా తిరస్కరించండి. దాన్ని పాలసీగా (సర్వర్‌లో బయటినుంచి పెట్టే సెట్టింగ్‌గా) పెడితే క్యూ చెరపనక్కర్లేదు.

ప్రశ్న: రాబిట్‌ఎంక్యూ మెషీన్‌లో గెస్ట్ లాగిన్ పనిచేస్తోంది, పక్క కంప్యూటర్ నుంచి మాత్రం రానివ్వదు.

జవాబు: గెస్ట్‌ని (రాబిట్‌ఎంక్యూతో ముందే వచ్చే యూజర్) ఆ మెషీన్‌కే పరిమితం చేశారు. కొత్త యూజర్‌ని చేసి వర్చువల్ హోస్ట్‌పై (క్యూలన్నీ ఉండే విభాగం) అనుమతులివ్వండి. ఫైర్‌వాల్‌లో ప్రోగ్రామ్‌లు కనెక్ట్ అయ్యే 5672 పోర్టు తెరవండి. 15672 అడ్మిన్ పేజీది, దాన్ని ఇంటర్నెట్‌కి తెరవకండి.