డాక్టర్ సలహా: హోటల్లో టీ తాగుతుంటే గుండె దడ వచ్చింది, గ్రీన్ టీకి మారాలా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు, ఉండేది తిరుపతిలో. పదేళ్లుగా షుగర్. పొద్దున గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర ఒకటి, బీపీ మాత్ర ఒకటి వేసుకుంటాను. మా పెళ్లిరోజని కోడలు ఒక పెద్ద హోటల్లో హై టీ (టీతో పాటు శాండ్‌విచ్‌లు, కేకులు పెట్టే సాయంత్రం ఫలహారం) బుక్ చేసింది. పొద్దున ఎనిమిదింటికి మూడు ఇడ్లీలు తిన్నా, అక్కడ బాగా తినొచ్చని మధ్యాహ్నం భోజనం మానేశా. నాలుగున్నరకు పాలు, చక్కెర లేని టీ సగం కప్పు తాగానో లేదో గుండె దడ, చేతుల వణుకు, ఏసీలో కూడా చెమటలు, ఛాతీ పట్టేసినట్టు అనిపించింది. గ్యాస్ అనుకుని జేబులో ఉన్న మాత్ర వేసుకున్నా. కేకులు తిన్నాక అరగంటలో సర్దుకుంది. రాత్రి పదింటికి ఇంట్లో చూసుకుంటే షుగర్ 286. ఇంకో షుగర్ మాత్ర వేసుకుని ఏమీ తినకుండా పడుకున్నా. నాకు బ్లాక్ టీ పడదా? గ్రీన్ టీ తాగొచ్చా?

జవాబు: టీ సంగతి తర్వాత చూద్దాం. నన్ను భయపెట్టింది మీ ఉత్తరంలో చివర్లో మామూలుగా రాసేసిన ముక్క, రాత్రి పదింటికి వేసుకున్న ఆ రెండో మాత్ర.

ముందు సాయంత్రం విషయం. ఎనిమిదింటికి మూడు ఇడ్లీలు, తర్వాత నాలుగున్నర దాకా కడుపులో ఏమీ లేదు. గ్లిమిపిరైడ్‌కి మీరు భోజనం మానేశారని తెలియదు కదా, అది రోజంతా ఇన్సులిన్‌ని తోస్తూనే ఉంటుంది. వణుకు, దడ, ఏసీలో చెమటలు, తీపి తినగానే తగ్గడం, ఇవన్నీ చూస్తే షుగర్ పడిపోయినట్టే అనిపిస్తోంది (70 కంటే తగ్గితే పడిపోయినట్టు లెక్క). ఆ నిమిషంలో వేలు గుచ్చి చూసుకోలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను. టేబుల్ మీద చక్కెర బిళ్లల గిన్నె ఉండే ఉంటుంది, దాన్ని వదిలేసి మీరు జేబులో గ్యాస్ మాత్ర వెతుక్కున్నారు! అలాంటప్పుడు మూడు టీ స్పూన్ల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగాలి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగాలి, కుదుటపడ్డాక ఏదైనా తినాలి. కేకు, చాక్లెట్ ఆ పనికి అంత మంచివి కావు, వాటిలోని వెన్న వల్ల తీపి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయాలి.

ఇక రాత్రి 286 అంటారా, ఐదింటికి తిన్న కేకులు, జామ్ అక్కడ కనబడ్డాయి, అంతే. దానికి మీ అంతట మీరే ఇంకో మాత్ర వేసుకుని, రాత్రి కూడా తినకుండా పడుకుంటే తెల్లవారుజామున మూడింటికి షుగర్ పడిపోయినా నిద్రలో తెలియదు. పెద్దవారు, ఏమనుకోకండి, మీరు పొద్దున లేచారంటే అదృష్టమే. 'స్వీటు తిన్నాను, అందుకే ఒకటి ఎక్కువ వేసుకున్నా' అనే మాట నేను ఓపీలో వారానికి నాలుగుసార్లు వింటాను, పెళ్లిళ్ల సీజన్లో అయితే చెప్పక్కర్లేదు. దీని అన్నదమ్ములు ఇంకొకరున్నారు, మాత్ర మింగి అలిపిరి నుంచి మెట్లెక్కి, దర్శనం అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా క్యూలో నిలబడేవాళ్లు. ఉపవాసం ఉండాలనుకుంటే ముందురోజే డాక్టర్‌ని అడగండి, మాత్ర మార్చాలో తగ్గించాలో ఆయన చెబుతారు. సొంతంగా మానేయడమూ తప్పే.

ఛాతీ పట్టేసిందన్నారు. దీన్ని నేను గ్యాస్ అని వదలను. షుగర్ ఉన్నవాళ్లకి గుండె నొప్పి ఒక్కోసారి నొప్పిలా రాదు, చెమట, ఆయాసం, నీరసంలా వస్తుంది. తగ్గిపోయింది కదా అని ఊరుకోకుండా ఈ రోజో రేపో ఈసీజీ తీయించండి, అది బాగున్నా ఇంకేం పరీక్షలు కావాలో ఫిజీషియన్ చెబుతారు. మళ్లీ అలా వస్తే కాలక్షేపం చేయకుండా రుయాకో స్విమ్స్‌కో, ఏది దగ్గరైతే ఆ క్యాజువాలిటీకి వెళ్లండి. బీపీ మాత్ర అన్నారు, పేరు రాయలేదు. అది బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే రకం మందు) అయితే షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు సరిగా తెలియకపోవచ్చు, చెమట ఒక్కటే మిగులుతుంది. దాంతోపాటు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) కూడా చూపించుకోండి, కిడ్నీ మందగిస్తే మీ షుగర్ మాత్ర ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది.

ఇప్పుడు టీ. కప్పు బ్లాక్ టీలో కెఫీన్ సుమారు 40 నుంచి 50 మిల్లీగ్రాములు, మీరు తాగింది అందులో సగం. మన ఫిల్టర్ కాఫీలో సాధారణంగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. కాబట్టి నేరం టీ మీద వేయలేను. గ్రీన్ టీలోనూ కెఫీన్ ఉంటుంది, ఇష్టమైతే తాగండి, షుగర్‌కి మందని మాత్రం అనుకోకండి. అన్నట్టు ఈ సాయంత్రం టీ అలవాటు 1840 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా మొదలుపెట్టారని చెబుతారు, మధ్యాహ్నం తిన్నాక రాత్రి భోజనం దాకా నీరసంగా ఉంటోందని. అంటే ఆవిడ కూడా మధ్యాహ్నం తినే కూర్చుంది!

మీరూ ఈసారి పన్నెండున్నరకు కొంచెం సంగటో అన్నమో కూరతో తినే వెళ్లండి. హై టీ వడ్డించే ఆ మూడంతస్తుల స్టాండులో కింద ఉండే దోసకాయ శాండ్‌విచ్‌తో మొదలుపెట్టండి, నడిమి స్కోన్ సగం చాలు, అది మైదా, వెన్న, దాని మీద జామ్. పై అంతస్తులోని కేకులు మనవళ్లకి వదిలేయండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పులు, గ్లూకోమీటర్ తీసుకెళ్లండి. ఆ రెండో మాత్ర సంగతి ముందే చెప్పండి, చాలామంది దాన్నే దాచిపెడతారు.