సైలెన్సర్ రిపేరుకు లోన్ యాప్ ఎందుకండీ?

ప్రశ్న: నా వయసు 41. తెనాలి నుంచి రోజూ గుంటూరు వెళ్లి ఉద్యోగం చేస్తాను. జీతం రూ.38,000. 2012 మోడల్ పెట్రోలు కారు ఉంది. పోయినేడాది సైలెన్సర్ పైపు దగ్గర బుర్రుమని చప్పుడు మొదలైతే బెల్లోస్ (పైపు మధ్యలో వంగే ముక్క) మార్చాలి, రూ.2,800 అవుతుందని మెకానిక్ చెప్పాడు. చేతిలో డబ్బు లేక వాయిదా వేశాను. హీట్ షీల్డు గలగలలాడుతుంటే పీకించేశాను. మొన్న కారులో కాలిన వాసన వచ్చింది. చూస్తే ఆక్సిజన్ సెన్సర్ వైరు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తొడుగు కరిగాయి. డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూటు చిట్లింది. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పోయిందంటున్నారు. అదొక్కటే రూ.16,000, వెనక సైలెన్సర్ డబ్బా రూ.4,500, మొత్తం రూ.34,000 ఎస్టిమేట్ ఇచ్చారు. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంది. ఒక యాప్ రూ.40,000 ఇస్తానంటోంది. నెలకు రూ.7,600 చొప్పున ఆరు నెలలు కట్టాలి, 14 శాతమే వడ్డీ. నెలనెలా మ్యూచువల్ ఫండ్ సిప్‌లకు రూ.6,000, చీటీకి రూ.5,000 కడుతున్నాను. ఏడో తరగతి చదివే పాప పేరు చెప్పి దాచిన రూ.1.5 లక్షల ఎఫ్‌డీ నా ఖాతాలో ఉంది, దాన్ని కదపడం ఇష్టం లేదు. యాప్‌లో తీసుకోవచ్చా?

సమాధానం: వద్దు. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది చదివారా? ప్రాసెసింగ్ ఫీజు రూ.2,400, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.432. రెండూ ముందే పట్టుకుంటారు. మీ చేతికొచ్చేది రూ.37,168, మీరు కట్టేది రూ.45,600. ఆ 14 శాతం కూడా ఏడాదికి కాదు, ఆరు నెలలకు. నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొత్తం రూ.40,000 మీదే వేశారు. తగ్గే బాకీ మీద లెక్క కడితే నెలకు నూటికి ఆరు రూపాయల పైమాటే, ఏడాదికి 74 శాతం దాకా తేలుతుంది. మీ వీధిలో ఎవరైనా ఆరు రూపాయల వడ్డీ అంటే ఆ గుమ్మం తొక్కుతారా? అదే ఫోన్‌లో కనిపిస్తే మాత్రం ‘14 శాతమే’ అంటారు! రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పు ఇచ్చేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (అప్పు షరతులన్నీ ఒకచోట రాసిన పత్రం) చూపించాలి, అందులో ఏపీఆర్, అంటే ఫీజులు కూడా కలిపి ఏడాదికి పడే అసలు వడ్డీ శాతం, ఉండాలి. అది చూపించని యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయండి.

అయితే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది యాప్ కోసం కాదు, ఆ రూ.2,800 కోసం. నెలకు రూ.11,000 పొదుపు చేసే మనిషి దగ్గర, లక్షన్నర ఎఫ్‌డీ ఉన్న మనిషి దగ్గర, బెల్లోస్‌కు డబ్బు లేకపోయింది. ఇలాంటి ఇళ్లు నేను చాలా చూస్తున్నాను. పొదుపు ఉంటుంది, అందులో అవసరానికి అందేది మాత్రం ఉండదు. చీటీ తొందరగా పాడితే నష్టం, సిప్‌లు తీయడానికి మనసు రాదు, ఎఫ్‌డీ మీద పాప పేరు రాసుకున్నారు. ఇక మిగిలింది అప్పే.

ఆ వాయిదా ఖరీదు కారు కిందే కనిపిస్తోంది. బెల్లోస్ చిరిగితే కొన్ని వందల డిగ్రీల వేడి గాలి పైపు చివరిదాకా పోకుండా అక్కడే పక్కకు చిమ్ముతుంది. దాన్ని ఆపాల్సిన పల్చటి రేకును మీరు పీకించేశారు. సాధారణంగా హీట్ షీల్డు మోగేది బోల్టు రంధ్రం తుప్పుపట్టి వదులైతేనే. పెద్ద వాషరో, స్టీలు క్లిప్పో వేస్తే కొన్ని వందల్లో తేలిపోయే పని. పైగా కారుతున్న పైపు నుంచి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తే దానికి రంగూ వాసనా ఉండవు. రిపేరు అయ్యేదాకా ఆ కారులో పిల్లల్ని ఎక్కించకండి. కోతల సమయంలో నూర్పిడికి రోడ్డు మీద పరిచిన మినుము కట్టె మీదుగా అసలే పోనివ్వకండి. అది కింద చుట్టుకుని, కాగిన పైపు తగిలి అంటుకున్న కార్లున్నాయి.

ఎస్టిమేట్ మొత్తం ఒకేసారి ఒప్పుకోనక్కర్లేదు. ఆటోనగర్‌లో మరో మెకానిక్‌కు చూపించండి. బెల్లోస్, హీట్ షీల్డు, వైరు, కేబుల్, బూటు ఆగేవి కావు, ఇవి రూ.13,500లో వస్తాయి. వెనక డబ్బాకు పైపై తుప్పే అయితే ఆగుతుంది. కన్వర్టర్ నిజంగా మూసుకుపోయిందా అన్నది సెన్సర్ రంధ్రంలో ప్రెషర్ గేజి పెట్టి చూస్తే తెలుస్తుంది, చూశాకే మార్చమనండి. అంతకన్నా ముందు ప్లగ్గులు, కాయిల్ చూడాలి. అవి సరిగా కొట్టక కాలని పెట్రోలు అందులోకి పోతుంటే కొత్త కన్వర్టర్ కూడా కాలిపోతుంది. మార్చాల్సి వస్తే పాతదాన్ని ఊరికే వదలకండి. లోపల ప్లాటినం, పల్లాడియం ఉంటాయి కాబట్టి తుక్కుగా ధర పలుకుతుంది, బిల్లులో తగ్గించమనండి. దాని బదులు ఉత్త పైపు అతికిస్తాననే వాళ్ల మాట వినొద్దు. కన్వర్టర్ లేకపోతే పొల్యూషన్ పరీక్షలో తప్పొచ్చు, ఆ సర్టిఫికెట్ లేకుండా పట్టుబడితే రూ.10,000 దాకా జరిమానా. పైపుకు చుట్టే హీట్ ర్యాప్ కూడా మీ కారుకు వద్దు. పాత ఇనుప పైపు మీద అది తేమ పట్టి తుప్పును తొందర చేస్తుంది. వైరుకు అల్యూమినియం స్లీవు తొడిగి, పైపుకు దూరంగా లోహపు క్లిప్పుతో కట్టిస్తే సరిపోతుంది. వెల్డింగ్ చేసేముందు బ్యాటరీ నెగటివ్ తీయించడం మర్చిపోవద్దు.

కన్వర్టర్ తప్పదన్నా ఖర్చు రూ.30,000 లోపే. ఎఫ్‌డీ తీసేయండి. అవును, పాప ఎఫ్‌డీనే. గడువుకు ముందు తీస్తే సాధారణంగా అర నుంచి ఒక శాతం వడ్డీ కోస్తారు. ఏడాదైన డిపాజిట్ మీద ఒక శాతం అంటే సుమారు రూ.1,500. యాప్‌కు పోసేది రూ.8,432. పాప డిగ్రీ కాలేజీకి ఇంకా ఐదేళ్లు ఉంది, ఆ పని సిప్‌లు చేస్తాయి. ఈ లక్షన్నరకు పేరు మార్చి అత్యవసర నిధి అనండి. రూ.50,000 చొప్పున రెండు ఎఫ్‌డీలు వేయండి, ఒకటి తీసినా రెండోది కదలదు. మిగతా యాభైలో కారు బాగుచేయించి, ఉన్నది విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. దానికి ఏటీఎం కార్డు వద్దు. పొదుపు పోను మీ ఇంటి ఖర్చు రూ.27,000. నాలుగు నెలలకు రూ.1,08,000 కావాలి, అది ఈ రోజే సమకూరుతుంది. వాడిన ముప్పై వేలు పూడ్చడానికి ఐదు నెలలు సిప్‌లు ఆపండి, కొంపేమీ మునగదు. ఆ తర్వాత సిప్ రూ.4,000తో మొదలుపెట్టి, రూ.2,000 కారు పేరిట వేరే పెట్టండి. 2027లో బండికి పదిహేనేళ్లు నిండుతాయి, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు తనిఖీ ఉంటుంది. ఆ ఖర్చు అందులోంచే పోవాలి. అత్యవసర నిధిని దానికి ముట్టుకోవద్దు.

బంగారంపై అప్పు యాప్ కన్నా నయం, మీకు అదీ అక్కర్లేదు. చీటీని ఇప్పుడు తొందరపడి పాడితే పోగొట్టుకునేదే ఎక్కువ.

బీమా సంగతి. ఓన్ డ్యామేజీ (మన కారుకు జరిగే నష్టానికి ఇచ్చే కవరు) ఉన్నా అరుగుదలకూ తుప్పుకూ పైసా రాదు కాబట్టి ఈ బిల్లు మీరే కట్టుకునేవారు. కానీ ఆ వైరు దగ్గర నిప్పు రాజుకుని కారు కాలిపోయి ఉంటే థర్డ్ పార్టీ పాలసీతో మీ కారుకు వచ్చేది సున్నా. పాత కారు కదా అని ఆ కవరు మానేసినవాళ్లు మిగిలిన ప్రీమియాన్ని పక్కన పెట్టుంటే కొంత అర్థముండేది. మీరు పెట్టలేదు. రిపేరు అయ్యాక ఇన్‌స్పెక్షన్ చేయించుకుని ఓన్ డ్యామేజీకి కొటేషన్ అడగండి. బిల్లులు దాచండి, వాళ్లు అడగొచ్చు.