పదహారేళ్లకే దేశం తేల్చేయాలా?

ప్రశ్న: మాది తెలుగు కుటుంబం, మా వారిది ఘనా. బాబు పుట్టింది, పెరిగింది ఇంగ్లండ్‌లో. బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉంది. ఇప్పుడు పదహారేళ్లు, ఒక ఫుట్‌బాల్ క్లబ్ అకాడమీలో స్ట్రైకర్ (ముందుండి గోల్స్ కొట్టేవాడు). క్లబ్ వాళ్లు రెండేళ్ల స్కాలర్‌షిప్ (ఆట శిక్షణ, చదువు కలిపిన ఒప్పందం) ఇస్తామన్నారు. ఇంగ్లండ్ అండర్-16 క్యాంపుకు ఒకసారి వెళ్లొచ్చాడు. ఈలోగా ఘనా అండర్-17 జట్టు పిలుస్తోందని తెలిసినాయన ఒకరు ఫోన్ చేశారు. ఇప్పుడే ఒప్పుకుంటే త్వరగా సీనియర్ జట్టులోకి వెళ్తాడని, యూరప్ క్లబ్బులు ఎగబడతాయని అంటున్నారు. ఆయన అడిగితే వీడియోలు, పాస్‌పోర్ట్ కాపీ పంపాం. మా నాన్నగారేమో ఇండియాకు ఆడించమంటున్నారు. మూడింటినీ పోల్చి ఏది మేలో చెప్పండి. ఇప్పుడు తప్పటడుగు వేస్తే జీవితాంతం దిద్దుకోలేమేమో అని నిద్ర పట్టడం లేదు. – ఒక తల్లి, ఇంగ్లండ్

జవాబు: అమ్మా, మీరు పోలిక అడిగారు గానీ మీ బాధంతా ఆ చివరి వాక్యంలో ఉంది. రెండు దేశాల మూలాలున్న పిల్లల తల్లిదండ్రులు ఎవరు రాసినా చివరికి తేలేది ఇదే భయం. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. అండర్-17 జట్టుకు ఆడినంత మాత్రాన రెండో దేశం తలుపు మూసుకుపోదు.

ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా లెక్క ఇలా ఉంటుంది. ఫ్రెండ్లీ మ్యాచ్‌లు ఎన్ని ఆడినా ఆటగాడు ఆ దేశానికి కట్టుబడిపోడు. క్యాంపులు అసలు లెక్కలోకే రావు. అధికారిక టోర్నీలో, అంటే క్వాలిఫయర్లు (పెద్ద టోర్నీకి అర్హత మ్యాచ్‌లు), ఖండస్థాయి కప్పులు, ప్రపంచకప్ లాంటి వాటిలో ఒక్క నిమిషం దిగినా ఆ దేశం ఆటగాడిగా నమోదవుతాడు, అది అండర్-17 మ్యాచ్ అయినా సరే. అయితే సీనియర్ జట్టుకు అధికారిక మ్యాచ్ ఆడనంత వరకు ఒకసారి దేశం మారే వీలుంటుంది. సీనియర్‌గా అధికారిక మ్యాచ్ ఆడాక కూడా 2020లో వచ్చిన మార్పుతో కొద్దిగా దారి దొరికింది. సీనియర్ జట్టుకు ఫ్రెండ్లీలతో కలిపి మూడు మ్యాచ్‌లు మించకూడదు. పాత దేశానికి ఏ స్థాయిలోనైనా ఆడిన చివరి అధికారిక మ్యాచ్ నాటికి 21 నిండి ఉండకూడదు. చివరి సీనియర్ మ్యాచ్ ఆడి మూడేళ్లు గడవాలి. ప్రపంచకప్‌లో గానీ, యూరో (యూరప్ దేశాల కప్), ఆఫ్రికా కప్ లాంటి ఖండస్థాయి ప్రధాన టోర్నీలో గానీ సీనియర్‌గా దిగి ఉండకూడదు. మార్పుకు దరఖాస్తు పెట్టాక అది తేలేదాకా ఏ జట్టుకూ ఆడటానికి లేదు.

ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. మొదటి అధికారిక మ్యాచ్ ఆడే రోజుకే రెండో దేశం పౌరసత్వం కూడా చేతిలో ఉండాలి. లేకపోతే యూత్ స్థాయిలోనే అదనపు షరతులు మీద పడతాయి, సీనియర్ మ్యాచ్ తర్వాతి దారి పూర్తిగా మూసుకుపోతుంది. తండ్రి ఘనా పౌరుడు కాబట్టి మీ అబ్బాయికి పుట్టుకతోనే ఆ పౌరసత్వం ఉంటుంది, ఘనా ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకుంటుంది కూడా. కానీ ఆరేడేళ్ల తర్వాత తేదీలతో సహా రుజువు చూపించాల్సింది మీరే. అందుకే ఈ నెలలో చేయాల్సిన పని దేశాన్ని ఎంచుకోవడం కాదు. మీ వారిని కూర్చోబెట్టి బాబుకు ఘనా పాస్‌పోర్ట్ దరఖాస్తు నింపించండి. తండ్రి పౌరసత్వ పత్రం, బాబు పుట్టిన పత్రం, రెండింటిలో పేర్ల స్పెల్లింగు సరిగ్గా కలవాలి. అక్షరం తేడా ఉంటే ఇప్పుడే దిద్దించుకోండి.

నిజంగా చిక్కుకుపోయినవాళ్లు ఎలా చిక్కుకున్నారో మునీర్ ఎల్ హదాదీని చూస్తే తెలుస్తుంది. మొరాకో మూలాలున్న స్ట్రైకర్. 2014 సెప్టెంబరులో, 19 ఏళ్ల వయసులో, మాసిడోనియాపై యూరో క్వాలిఫయర్‌లో స్పెయిన్ సీనియర్ జట్టు తరఫున చివరి పావుగంటలో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. మళ్లీ పిలుపు రాలేదు. 2018 ప్రపంచకప్‌కు మొరాకో తరఫున వెళ్లాలని క్రీడా న్యాయస్థానం దాకా వెళ్లినా ఒప్పుకోలేదు. నియమం మారాక 2021లో గానీ మొరాకోకు ఆడలేకపోయాడు. అతణ్ని కట్టిపడేసింది సీనియర్ అధికారిక మ్యాచ్, యూత్ మ్యాచ్ కాదు. విల్ఫ్రెడ్ జాహా ఇంగ్లండ్ సీనియర్ జట్టుకు ఆడిన రెండూ ఫ్రెండ్లీలే, అందుకే 2017 నుంచి ఐవరీ కోస్ట్‌కు ఆడగలిగాడు. మీ వాడు అసలు ఆ గుమ్మం దగ్గరికే ఇంకా రాలేదు.

ఇండియా సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. భారత్ ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు, విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డుతో జాతీయ జట్టుకు ఆడనివ్వరు. జపాన్‌లో పుట్టిన అరాటా ఇజుమి తండ్రి గుజరాతీ. 2012లో జపాన్ పౌరసత్వం వదులుకున్నాకే భారత జట్టుకు ఆడగలిగాడు. మీ అబ్బాయి బ్రిటిష్ పాస్‌పోర్ట్ వదిలేస్తే ఇంగ్లండ్ క్లబ్బులో ఆడటానికే వర్క్ పర్మిట్ కావాల్సి వస్తుంది. తాతగారి ముచ్చట అర్థమవుతుంది గానీ పదహారేళ్ల పిల్లాడితో చేయించే పని కాదిది. ఆయనకు మెల్లగా చెప్పండి.

ఇక మీ మధ్యవర్తి చెప్పే దారి. ‘పోటీ తక్కువ ఉన్న దేశానికి తొందరగా మాటిచ్చేయ్, సీనియర్ క్యాప్ (జాతీయ జట్టుకు మ్యాచ్) కొట్టెయ్, మార్కెట్‌లో విలువ పెరుగుతుంది’ అన్న సలహా ఇప్పుడు బాగా నడుస్తోంది. దీనిమీద నాకు నమ్మకం తక్కువ. మొదటి సంగతి, ఘనాలో పోటీ తక్కువని ఆయనకెవరు చెప్పారు? నాలుగుసార్లు ఆఫ్రికా కప్ గెలిచిన దేశమది. 2010 ప్రపంచకప్‌లో క్వార్టర్ ఫైనల్ ఆడింది. 1991లో, 1995లో అండర్-17 ప్రపంచకప్ గెలుచుకుంది. అక్కడి పిల్లలంతా మీ వాడి కోసం చోటు ఖాళీ చేసి కూర్చోలేదు. రెండోది, అండర్-17 జట్టు నుంచి సీనియర్ జట్టుకు నేరుగా మెట్లు ఉండవు, ఏ దేశంలోనూ. ఎడీ ఎన్‌కెటియా తల్లిదండ్రులది ఘనా, పుట్టింది లండన్‌లో. ఇంగ్లండ్ అండర్-21 జట్టుకు 16 గోల్స్‌తో రికార్డు పెట్టాడు. అంతటివాడికీ ఇంగ్లండ్ సీనియర్ జట్టులో తొలి మ్యాచ్ 24 ఏళ్లకు, 2023 అక్టోబరులో, అదీ ఫ్రెండ్లీగా వచ్చింది.

మూడోది అందరికన్నా స్ట్రైకర్లకు బాగా తగిలేది. ఆఫ్రికా కప్ తరచూ క్లబ్ సీజన్ నడుమన పడుతుంది. 2022లో, 2024లో జనవరిలో మొదలైంది, 2025 టోర్నీ డిసెంబరులో మొదలై జనవరిలో ముగిసింది. డిఫెండర్ల చోట్లు నాలుగు, స్ట్రైకర్ చోటు చాలా జట్లలో ఒక్కటే. నెలరోజులు లేకపోతే ఆ చోట్లో ఇంకొకడు రెండు గోల్స్ కొడతాడు, తిరిగొచ్చాక బెంచీ. పేరు స్థిరపడ్డ ఆటగాడు తట్టుకుంటాడు, అప్పుడే క్లబ్బులో కాలు పెట్టిన ఇరవై ఏళ్లవాడు తట్టుకోవడం కష్టం. ఘనాకు వెళ్లొద్దని కాదు దీని అర్థం. వెళ్లేనాటికి క్లబ్బులో చోటు గట్టిగా ఉండాలి. ఇనాకి విలియమ్స్ 2016లో స్పెయిన్‌కు ఒక ఫ్రెండ్లీ ఆడి, క్లబ్బులో ఏళ్ల తరబడి నిలదొక్కుకుని, 28 ఏళ్లకు 2022లో ఘనాను ఎంచుకున్నాడు. అదే ఏడాది ప్రపంచకప్‌లో అన్న ఘనాకు, తమ్ముడు నికో స్పెయిన్‌కు ఆడారు. డానీ వెల్‌బెక్ తల్లిదండ్రులదీ ఘనాయే. 2011లో ఇంగ్లండ్ తరఫున అతని తొలి మ్యాచ్ ఘనాపైనే పడింది, మొత్తం 42 మ్యాచ్‌లు ఆడాడు. ఇద్దరి కెరీర్లూ బాగానే నడిచాయి.

‘యూరప్ క్లబ్బులు ఎగబడతాయి’ అన్నమాట గురించి కూడా. 18 నిండకుండా దేశం దాటి క్లబ్ మారడాన్ని ఫిఫా సాధారణంగా ఒప్పుకోదు. 16 నుంచి 18 మధ్య యూరోపియన్ యూనియన్ లోపల మారేవాళ్లకు ఇచ్చే మినహాయింపు బ్రెగ్జిట్ తర్వాత బ్రిటిష్ పాస్‌పోర్ట్ మాత్రమే ఉన్న పిల్లలకు వర్తించదు. అంటే ఇంకో రెండేళ్లు ఎవరు ఎగబడినా మీ వాడు వెళ్లలేడు. ఈ సంగతి తెలియని ఏజెంట్ అయినా, తెలిసీ చెప్పని ఏజెంట్ అయినా మీకు అక్కర్లేదు.

కొంచెం కటువుగా చెప్తాను, ఏమనుకోకండి. మైనర్ పిల్లాడి పాస్‌పోర్ట్ కాపీ ఫోన్‌లో మాట్లాడిన మనిషికి ఎలా పంపారు? ఆయనకు ఫిఫా లైసెన్సు ఉందా, మైనర్ల తరఫున పనిచేయడానికి కావాల్సిన అదనపు అర్హత ఉందా అని అడిగారా? ఏజెంట్‌తో ఒప్పందం రెండేళ్లకు మించి ఉండకూడదు, మైనర్ అయితే మీ సంతకం లేకుండా చెల్లదు. ‘ఖర్చులకు’ అంటూ ముందే డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. ఆ కాపీ దేనికీ వాడొద్దని ఆయనకు రాతపూర్వకంగా చెప్పండి, క్లబ్బులో పిల్లల రక్షణ చూసే అధికారికి కూడా విషయం తెలియజేయండి. ఇంకో మాట. మీ నాన్నగారి కోరిక రాశారు, మధ్యవర్తి మాట రాశారు, మీ భయం రాశారు. బాబుకు ఏది ఇష్టమో ఒక్క ముక్క కూడా రాయలేదు. అమ్మ ఒక జెండా, నాన్న ఒక జెండా పట్టుకుని ఇంట్లో వాదులాడుకుంటే ఆ బరువు మోసేది వాడు. శనివారం గోల్ ముందు బంతి తగిలినప్పుడు వాడి తలలో ఈ గొడవ ఉండకూడదు.

మీరు నిజంగా బుర్ర పెట్టాల్సింది ఆ స్కాలర్‌షిప్ కాగితం మీద. దేశం కన్నా రాబోయే రెండేళ్లలో ఎన్ని నిమిషాలు ఆడతాడన్నదే వాడి దారి తేలుస్తుంది. క్లబ్‌ను ఈ ప్రశ్నలు అడగండి: అండర్-18లో ఇప్పటికే ఎంతమంది స్ట్రైకర్లున్నారు? గత నాలుగైదేళ్లలో స్కాలర్లలో ఎంతమందికి ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ ఇచ్చారు, ఇవ్వనివాళ్లు ఎక్కడికి వెళ్లారు? స్కాలర్‌షిప్‌తో వచ్చే చదువు ఏ అర్హత ఇస్తుంది, దానితో యూనివర్సిటీ సీటు వస్తుందా, కావాలంటే ఏ-లెవెల్ (మన ఇంటర్ లాంటిది) మ్యాథ్స్ పక్కనే చదవనిస్తారా? మోకాలి గాయమై ఆరునెలలు కూర్చుంటే ఏం చేస్తారు? తడబడకుండా జవాబులు చెప్పే క్లబ్బైతే సంతకం పెట్టండి. చెప్పకపోతే మీ వాడి స్థానంలో పిల్లలు తక్కువున్న కింది డివిజన్ క్లబ్ మేలు. ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ వస్తే, 18 లోపు పిల్లలకు మూడేళ్లకు మించి రాయకూడదని గుర్తుంచుకోండి.

స్ట్రైకర్ల విషయంలో ఇంకో చిక్కుంది. పదిహేనేళ్లకే ఒళ్లొచ్చిన పిల్లాడు వేగంతో, భుజబలంతో గోల్స్ కొట్టేస్తాడు. పద్దెనిమిది వచ్చేసరికి మిగతావాళ్లూ ఎదిగాక అవి పనిచేయవు. మీ వాడు ముందే ఎదిగాడా, ఇంకా ఎదగాల్సి ఉందా అని కోచ్‌ను అడగండి. చూడాల్సినవి వేరే ఉన్నాయి: వెనుక డిఫెండర్‌ను మోస్తూ మొదటి టచ్ ఎలా ఉంది, పాస్ రాకముందే ఎటు కదులుతున్నాడు, రెండో కాలితో షాట్ వస్తుందా, బంతి పోయాక దాన్ని లాక్కోవడానికి ఎంత తొందరగా మీదికెళ్లి ప్రెస్ చేస్తున్నాడు. గోల్స్ అతికించిన మూడు నిమిషాల వీడియోలో ఇవేవీ కనిపించవు. ఎవరికైనా పంపాల్సి వస్తే మొత్తం మ్యాచ్ పంపండి, బాగా ఆడనిది కూడా.

ఒకవేళ పద్దెనిమిదికి క్లబ్ వదిలేసినా కథ అయిపోదు. ఆంటోనీ సెమెన్యో లండన్‌లో పుట్టిన ఘనా మూలాల కుర్రాడు. పెద్ద క్లబ్బులు ట్రయల్స్‌లోనే వెనక్కి పంపాయి, బ్రిస్టల్ దగ్గర ఒక కాలేజీ జట్టులో ఆడాడు. అక్కణ్నుంచి బ్రిస్టల్ సిటీకి, లోన్‌పై, అంటే తాత్కాలికంగా, బాత్ సిటీ, న్యూపోర్ట్, సండర్‌లాండ్ క్లబ్బులకు తిరిగాడు. 22 ఏళ్లకు ఘనా పిలిచింది, అదే ఏడాది ప్రపంచకప్‌కు వెళ్లాడు. జేమీ వార్డీని పదహారేళ్లకు అకాడమీ వదిలేసింది, ప్రీమియర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ 27 ఏళ్లకు ఆడాడు. స్ట్రైకర్లు ఆలస్యంగా పండడం వింతేమీ కాదు. అయితే అందరికీ అలా జరగదు గనుకే ఆ ఏ-లెవెల్ ప్రశ్న అడగమన్నాను.

ఇక ఆ పిలుపు. నిజమైనదైతే ఘనా ఫుట్‌బాల్ అసోసియేషన్ నుంచి క్లబ్బుకు రాతపూర్వకంగా వస్తుంది. రేపు అకాడమీ మేనేజర్‌కు ఫోన్ చేసి వచ్చిందా అని కనుక్కోండి. రాకపోతే అది పిలుపే కాదు. వచ్చి ఉంటే అది క్యాంపా, ఫ్రెండ్లీ టోర్నీయా, క్వాలిఫయరా అని అడగండి. మొదటి రెండూ అయి, తేదీలు జీసీఎస్‌ఈ (మన పదో తరగతి లాంటి) పరీక్షల మీద పడకపోతే, వాడికి వెళ్లాలని ఉంటే నిశ్చింతగా పంపండి, వాళ్ల నాన్న ఊరు, ఆ ఆట, ఆ కోచ్‌లు ఎలా ఉంటారో చూసొస్తాడు. క్వాలిఫయర్ అయితే ఘనా పాస్‌పోర్ట్ చేతికొచ్చేదాకా, మీ అబ్బాయి తన నోటితో సరేననేదాకా, ఈసారికి రాలేమని మర్యాదగా క్లబ్ ద్వారానే చెప్పించండి. బాగా ఆడుతుంటే మళ్లీ పిలుస్తారు.